లూసర్న్, మొక్కజొన్న కలపాల్సింది చేలో కాదు, గాడిలో



పైన వీడియోలో మీరు చూసింది మా చేనే. పలమనేరు దగ్గర, ఎర్రనేల, ఒకే ఒక బోరు. ఎడమపక్క మోకాలి ఎత్తున పచ్చగా ఉన్నది లూసర్న్, కుడిపక్క మనిషిని దాటిపోయింది మొక్కజొన్న. రెండిటికీ మధ్యలో మూడడుగుల బాట ఒకటి కనిపిస్తుంది. వీడియో చూసినవాళ్ళలో చాలామంది ఆ బాట గురించే అడిగారు. "రెండూ వేశావు సరే, పక్కపక్కన ఎందుకు? కలిపి చల్లేస్తే అయిపోయేది కదా. ప్రకృతి వ్యవసాయం అంటేనే కలిపి వేయడం కదా" అని. మంచి ప్రశ్నే. ఒక మాటలో తేలేది కాదు కాబట్టి రాస్తున్నాను.

పోయిన నెల కుప్పం వైపు నుంచి ఒక అన్న ఫోన్ చేశాడు. ఎక్కడో చూసి జూన్‌లో ముప్పావు ఎకరంలో 7 కిలోల లూసర్న్, 15 కిలోల మొక్కజొన్న కలిపి గొర్రుతో వేశాడంట. మొక్కజొన్న బాగానే వచ్చింది, కోసి ఆవులకు వేసుకున్నాడు. కోసిన తర్వాత కిందికి చూస్తే లూసర్న్ లేదు. అక్కడక్కడ దారప్పోగుల్లాంటి పసుపు మొక్కలు, అంతే. "విత్తనంలో మోసం జరిగిందా తమ్ముడూ?" అని అడిగాడు. లూసర్న్ విత్తనం కిలో ఎంత పలుకుతోందో కొన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. విత్తనం మంచిదే అన్నా, వేసిన తీరే తప్పు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కానీ చెప్పాను.

ఇక్కడ ఇంకొక సంగతి ముందే చెప్పేస్తాను. నేను పాలతోపాటు మేత విత్తనాలు కూడా అమ్ముతాను. ఈ రెండు విత్తనాలూ కలిపి ఒక సంచిలో పోసి "జంట మేత" అని పేరు పెట్టి అమ్మితే అమ్ముడుపోతుంది, అనుమానం లేదు. అలా కట్టి ఇవ్వమని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. ఇంతవరకూ కట్టలేదు, ఇకముందు కూడా కట్టను. ఎందుకంటే నేను కూడా ఒకసారి అదే పని చేసి దెబ్బతిన్నవాడినే.

వ్యవసాయ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, కొన్నేళ్ళు విత్తనాల ఉద్యోగంలో ఊళ్ళు తిరిగి, చివరికి ఇంటికొచ్చి నాలుగు ఆవులతో మొదలుపెట్టాను. చదివినవాణ్ణి కదా, తెలుసనే ధీమా ఒకటి. మొదటి ఏడాది తొలకరి వానకే 30 సెంట్లలో రెండూ కలిపి వేశాను. ఏకదళం, ద్విదళం జత, ఒకటి పిండి పదార్థం, ఒకటి ప్రోటీన్, ఒకే కోతలో సమతుల మేత అని నోట్‌బుక్కులో రాసుకున్నాను కూడా. ఇరవై రోజులకు రెండూ ముచ్చటగా ఉన్నాయి. ఫోటోలు తీసి అందరికీ పంపించాను. నలభై రోజులకు మా అమ్మ చేలోకి వచ్చి, మొక్కజొన్న ఆకులు పక్కకు తోసి చూసి, "ఏందిరా ఇది, మెంతాకు చల్లినావా? ముదరకముందే వాడిపోతా ఉందే" అనింది. లూసర్న్ చిన్నప్పుడు మెంతికూరలాగానే ఉంటుంది, రెండూ దగ్గరి చుట్టాలే. అరవై రోజులకు మొక్కజొన్న కోసేటప్పటికి మెంతాకూ లేదు, లూసర్నూ లేదు. ఎండ తగలగానే గరిక, తుంగ మాత్రం సంబరంగా లేచినాయి.

ఎందుకు పోయిందో తర్వాత నిదానంగా ఆలోచిస్తే అర్థమైంది. అసలు తప్పు విత్తే రోజే మొదలైంది. మొక్కజొన్న గింజ పెద్దది, నాలుగైదు సెంటీమీటర్ల లోతులో పడినా లేస్తుంది, అంత లోతులో పడితేనే దానికి మంచిది. లూసర్న్ గింజ ఎంతుంటుంది? గ్రాముకు దాదాపు 500 గింజలు తూగుతాయి. దాన్ని ఒకటి, ఒకటిన్నర సెంటీమీటరు కన్నా లోతులో వేస్తే దానిలో ఉన్న శక్తి పైకి రావడానికి చాలదు. రెండూ కలిపి ఒకే గొర్రులో పోశామంటే ఏదో ఒకదానికి అన్యాయం చేసినట్టే. కుప్పం అన్న చేలో సగం అక్కడే పోయింది.

లేచిన సగానికి వెలుతురు లేదు. లూసర్న్ మొదటి రెండు నెలలూ పైకి పెద్దగా పెరగదు, వేరు దించుకునే పనిలో ఉంటుంది. అది మూడు నాలుగేళ్ళు బతకాల్సిన మొక్క, ముందు పునాది తవ్వుకుంటుంది. మొక్కజొన్నకు అంత ఓపిక లేదు. మేత కోసం ఎకరాకు 16 నుంచి 20 కిలోల విత్తనం, అడుగు దూరంలో సాళ్ళు. ముప్పై అయిదు, నలభై రోజులకల్లా ఆకులు కలిసిపోయి కింద నీడ కమ్మేస్తుంది. లూసర్న్‌కు సరిగ్గా ఎండ కావాల్సిన రోజులవి. గింజ కోసం వేసే మొక్కజొన్నలో అయినా కాస్త సందు ఉంటుంది, మేత మొక్కజొన్నలో అది కూడా ఉండదు.

సరే, ఎలాగో బతికిందనుకుందాం. కోత ఎలా? మొక్కజొన్న 60, 65 రోజులకు కోతకొస్తుంది, ఒక్కసారి కోస్తే అయిపోయింది. లూసర్న్ మొదటి కోతకు 70, 75 రోజులు పడుతుంది, తర్వాత 25, 30 రోజులకోసారి కోస్తూనే ఉండాలి. అంటే ఒకటి వెళ్ళిపోయే వేళకు రెండోదానికి ఇంకా కోత వయసే రాలేదు. మొక్కజొన్న మోపులు మోసేవాళ్ళ కాళ్ళ కింద, బండి చక్రాల కింద నలిగేది ఈ లేత మొక్కే. కోసిన మొక్కజొన్న మోళ్ళు మేకుల్లా నిలబడి ఉంటాయి. వాటి మధ్యలో వంగి కొడవలితో లూసర్న్ కోసి చూడండి, చేతికి ఎన్ని గీతలు పడతాయో. ఆడకూలీలు ఒకరోజు వచ్చి రెండోరోజు రామన్నారు మాకు. వాళ్ళది తప్పంటారా?

ఇంక నత్రజని సంగతి. మన ప్రకృతి వ్యవసాయదారుల్లో చాలామందికి ఒక నమ్మకం ఉంది, పప్పుజాతి మొక్క పక్కన ఉంటే చాలు, గడ్డిజాతి మొక్కకు నత్రజని అందిపోతుందని. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. లూసర్న్ గాల్లోంచి నత్రజని పట్టే మాట నిజం. కానీ పట్టినదాన్ని ముందు తన ఆకుకూ కాండానికే వాడుకుంటుంది. ఆ ఆకూ కాండమే కదా మనం కోసి ఆవుకు వేసేది! పెరుగుతూ ఉన్నప్పుడు పక్క మొక్కకు చేరేది కొంచెమే. అసలు లాభం ఆ వేరు నేలలో కుళ్ళినప్పుడు, అంటే లూసర్న్ తీసేసి దున్నిన తర్వాత వేసే పంటకు. కాబట్టి మొక్కజొన్నకు లూసర్న్ ఇవ్వగలిగిన పెద్ద కానుక పక్కన నిలబడి ఇచ్చేది కాదు, పోయిన తర్వాత వదిలిపెట్టేది. దీనికి మళ్ళీ వస్తాను.

"అమెరికాలో కలిపే వేస్తున్నారంట కదా" అని ఒక తమ్ముడు లింకు పంపించాడు. చూశాను. అబద్ధం కాదు. విస్కాన్సిన్ రాష్ట్రంలో అక్కడి ప్రభుత్వ వ్యవసాయ పరిశోధకులు సైలేజీ మొక్కజొన్న సాళ్ళ మధ్య లూసర్న్ విత్తే పద్ధతి మీద చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నారు. అయితే వాళ్ళు ఎందుకు చేస్తున్నారో, ఎలా చేస్తున్నారో కూడా చూడాలి కదా. అక్కడ వసంతంలో లూసర్న్ వేస్తే మంచు కాలం వచ్చేలోపు మొదటి ఏడాది పెద్దగా మేత రాదు. ఆ ఏడాది నేల వృథా కాకూడదని పైన మొక్కజొన్న తీసుకుంటారు, రెండో ఏడాది నుంచి లూసర్న్ పూర్తిగా కోసుకుంటారు. మనకు ఆ బాధ ఎక్కడుంది? అక్టోబర్‌లో వేస్తే సంక్రాంతి నాటికి కొడవలి పట్టుకోవచ్చు.

ఎలా చేస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. వాళ్ళ సాళ్ళు రెండున్నర అడుగుల దూరం. అంత సందు ఇచ్చినా నీడకు లూసర్న్ మొక్కలు సన్నగా సాగిపోయి చచ్చిపోతుంటే, ప్రోహెక్సాడియోన్ అనే పెరుగుదలను అదుపు చేసే మందు కొట్టి నిలబెట్టే ప్రయత్నం చేశారు. తెగులు మందు, పురుగు మందు కూడా జత చేసి చూశారు. అంటే రసాయనం ఊతకర్ర ఇస్తే గానీ ఆ జంట నిలబడటం కష్టమైంది. దాన్ని తీసుకొచ్చి "ప్రకృతి వ్యవసాయంలో అద్భుతమైన జంట" అని వీడియో పెడితే నాకు కోపం రాదా చెప్పండి.

ఇంత చెప్పానని మిశ్రమ పంటలకు నేను వ్యతిరేకం అనుకోకండి. ఏకదళం, ద్విదళం కలపాలన్న సూత్రం మంచిదే. సూత్రంలో లేదు తప్పు, జత ఎంచుకోవడంలో ఉంది. కలిసి పెరగాలంటే రెండింటి వయసు కలవాలి, కోత కలవాలి, ఎత్తు విషయంలో సర్దుబాటు కుదరాలి. మొక్కజొన్నకు అలా కుదిరే జత మన ఇంట్లోనే ఉంది, అలసంద. గింజ కూడా పెద్దదే, దాదాపు అదే లోతులో వేయొచ్చు. మొక్కజొన్న కాండాన్ని పట్టుకొని పైకి పాకుతుంది కాబట్టి ఎండ వెతుక్కుంటుంది. అరవై రోజులకు రెండూ ఒకే కొడవలికి వస్తాయి, ఒకే మోపులో కట్టొచ్చు, చాఫ్ కట్టర్‌లో ఒకేసారి పెట్టొచ్చు. రెండు సాళ్ళు మొక్కజొన్న, ఒక సాలు అలసంద వేసుకుంటున్నాం మేము. మా నాయన వాళ్ళు జొన్నలో అలసంద, అనప కలిపి వేసేవాళ్ళు. వాళ్ళకు ఎవరూ వీడియో తీసి చూపించలేదు.

మరి అలసంద ఉండగా లూసర్న్ ఎందుకు అంటారేమో. ఎందుకంటే అలసంద రెండు నెలల చుట్టం, లూసర్న్ ఇంటి మనిషి. ఒకసారి కుదురుకుంటే ప్రతి నెలా కోత ఇస్తుంది, మళ్ళీ దున్నడం లేదు, మళ్ళీ విత్తనం కొనడం లేదు. వేరు లోతుకు పోతుంది కాబట్టి తడి ఒకటి ఆలస్యమైనా తట్టుకుంటుంది. ఎండాకాలంలో ఊరంతా చెరకు ఆకు కోసం తిరుగుతున్నప్పుడు కూడా మన దగ్గర పచ్చి ఆకు ఉంటుంది. కోలారు వాళ్ళు దీన్ని కుదురె మసాలె సొప్పు అంటారు, తమిళంలో కుదిరై మసాల్. రెండు చోట్లా పేరులో గుర్రం ఉంది చూడండి. మా సరిహద్దు ఊళ్ళలో ముసలివాళ్ళు ఇప్పటికీ మూడు భాషల్లో ఏదో ఒక పేరు చెబుతారు.

ఒక లెక్క చూద్దాం. ఎండబెట్టిన లెక్కన లూసర్న్‌లో ప్రోటీన్ 20 శాతం దగ్గర ఉంటుంది. మేత మొక్కజొన్నలో 8 శాతం దగ్గర. పచ్చి మేతలో అయిదింట నాలుగు పాళ్ళు నీళ్ళే. 10 కిలోల పచ్చి లూసర్న్ తీసుకుంటే అందులో ఎండు పదార్థం 2 కిలోలు, ప్రోటీన్ 400 గ్రాములు. అంత ప్రోటీన్ మొక్కజొన్న నుంచి రావాలంటే ఇరవై కిలోల పైనే వేయాలి. ఇంకోలా చెప్పాలంటే ఆ 10 కిలోల లూసర్న్‌లో ఉన్న ప్రోటీన్ దాదాపు ఒక కిలో వేరుశనగ చెక్కలో ఉన్నంత. చెక్క ధర మీ ఊళ్ళో ఎంతుందో దాంతో గుణించుకోండి, రోజుకు, ఆవుకు. దాణా పూర్తిగా మానేయమని నేను చెప్పను, పాలిచ్చే ఆవుకు శక్తి కూడా కావాలి, ఖనిజ లవణాలు కావాలి. కానీ ప్రోటీన్ కోసం బజారుకు పోయే డబ్బు చాలావరకు ఇంట్లోనే ఆగిపోతుంది.

అలాగని లూసర్న్ ఒక్కటే వేస్తే కుదరదు. శక్తి తక్కువ, కడుపు నిండదు, ఉబ్బరం ప్రమాదం. మొక్కజొన్న ఒక్కటే అయితే కడుపు నిండుతుంది, పాలు నిలబడవు. పచ్చి మేతలో రెండు వంతులు గడ్డిజాతి, ఒక వంతు పప్పుజాతి ఉండాలని మాకు కాలేజీలో చెప్పిన మాట ఇంతవరకూ తప్పు పోలేదు. అంటే ఆవుకు 20 కిలోల మొక్కజొన్న, 10 కిలోల లూసర్న్, పైన కాస్త ఎండుమేత. కలపాల్సింది ఇక్కడ. చాఫ్ కట్టర్‌లో మొక్కజొన్న రెండు పిడికిళ్ళు, లూసర్న్ ఒక పిడికిలి చొప్పున పెడుతూ పోతే గాడిలో పడేటప్పటికే కలిసిపోయి ఉంటుంది, ఆవు ఏరుకొని తినే వీలుండదు.

అయిదు ఆవులకు ఎంత నేల కావాలి? నేను మొదట్లో గుడ్డి లెక్కతో ఎక్కువ మొక్కజొన్న వేసి సగం ముదరబెట్టుకున్నాను. ఇప్పుడు ఇలా చేస్తున్నాను. రోజుకు 100 కిలోల మొక్కజొన్న కావాలి, 15 రోజులకు టన్నున్నర. మా నేలలో రసాయనాలు లేకుండా ఎకరాకు 12 టన్నులకు తగ్గకుండా వస్తోంది, కాబట్టి 12 సెంట్ల మడి ఒకటి 15 రోజులకు సరిపోతుంది. అలాంటి మడులు అయిదు, ఒక్కోటి 15 రోజుల తేడాతో విత్తుతాను. మొదటి మడి కోసి, మళ్ళీ ఎరువు వేసి విత్తడానికి 75 రోజులు దొరుకుతాయి. అంటే 60 సెంట్లు. ఏడాదంతా ఒకే మడిలో మొక్కజొన్నే వేస్తే నేల అలిసిపోతుంది, అందుకే ఒక విడత జొన్న, అలసంద వేస్తాను. లూసర్న్ 70 సెంట్లు, దాన్ని 30 పట్టీలుగా అనుకొని రోజుకో పట్టీ కోస్తాం. ముప్పై రోజులకు మళ్ళీ మొదటి పట్టీ తయారు. రెండూ కలిపి ఎకరా ముప్పై సెంట్లు, అయిదు ఆవులు. ఇది మా నేల లెక్క, మీ నీళ్ళను బట్టి, నేలను బట్టి పది ఇరవై సెంట్లు అటూ ఇటూ చూసుకోండి.

మధ్యలో బాట ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. మొక్కజొన్న నీడ లూసర్న్ మీద పడకుండా, మోపు మోసేవాళ్ళు లూసర్న్ తొక్కకుండా. పట్టీలు ఉత్తరం దక్షిణంగా తీస్తే పొద్దున ఒకపక్క, సాయంత్రం ఒకపక్క ఎండ అందుతుంది. మొక్కజొన్నలో కత్తెర పురుగు వచ్చినప్పుడు కూడా ఈ విడి ఏర్పాటు పనికొస్తుంది. 2018లో కర్ణాటకలో కనిపించిన దగ్గర్నుంచి ఆ పురుగు మనల్ని వదల్లేదు. సుడుల్లోకి తొంగి చూస్తూ, వేపనూనె కొడుతూ, ఇసుక, సున్నం కలిపి సుడిలో వేస్తూ తిరగాలంటే కాలు పెట్టే చోటు ఉండాలి కదా.

లూసర్న్ వేయడంలో మూడు నాలుగు సంగతులు మాత్రం చెప్పి ముందుకు పోతాను, పూర్తి వివరం పాత వీడియోలో ఉంది. కాలం అక్టోబర్, నవంబర్. జూన్‌లో వేసి వాననూ కలుపునూ గెలవడం కష్టం. నీళ్ళు నిలిచే నేల అసలు వద్దు, రెండు రోజులు నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళిపోతుంది. దుక్కిలో ఎకరాకు 400 కిలోల ఘనజీవామృతం, ఆ తర్వాత ప్రతి కోతకూ నీటితోపాటు 200 లీటర్ల ద్రవజీవామృతం పారిస్తున్నాం. ఎకరాకు 8 నుంచి 10 కిలోల విత్తనం, ఇసుకో పొడి ఘనజీవామృతమో కలిపి అడుగు దూరం సాళ్ళలో పైపైన. కొత్త నేల అయితే లూసర్న్‌కు తగిన రైజోబియం పట్టించాలి, వేరుశనగ రైజోబియం దీనికి పనిచేయదు. దొరక్కపోతే ఇంతకుముందు లూసర్న్ బాగా పండిన చేలోంచి రెండు మూడు గంపల మట్టి తెచ్చి చల్లండి. నలభై రోజులకు ఒక మొక్క జాగ్రత్తగా పెకలించి వేరు చూడండి. బుడిపెలు కోసి చూస్తే లోపల గులాబీ రంగు ఉంటే పని జరుగుతున్నట్టు.

విత్తనం కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. బహువార్షిక రకమో కాదో అడగండి. ఆనంద్-2, రాహురి నుంచి వచ్చిన ఆర్.ఎల్-88 లాంటివి ఏళ్ళ తరబడి నిలుస్తాయి. లూజు విత్తనంలో బంగారు తీగ విత్తనం కలిసి వస్తే మాత్రం మీ కష్టాలు మొదలైనట్టే. ఆకు లేని పసుపు తీగ లూసర్న్ మీద అల్లుకొని రసం పీల్చేస్తుంది. కనిపించిన చోట చుట్టూ ఒక అడుగు కలిపి నేలమట్టానికి కోసి, అక్కడే కాల్చేయండి. మోపులో కలిపి ఇంటికి తెచ్చారంటే పేడ ద్వారా చేనంతా మీరే విత్తినట్టు. మొక్కజొన్నకు ఈ బెంగ లేదు, ఆఫ్రికన్ టాల్ సంకరం కాదు, కాంపోజిట్, దూరంగా ఒక మడిలో ముదరనిచ్చి విత్తనం మనమే కట్టుకోవచ్చు.

ఇప్పుడు చెప్పడానికి ఇష్టం లేని సంగతి. వీడియోలో చెప్పలేదు, కెమెరా ముందు నోరు రాలేదు.

లూసర్న్ కుదురుకున్న మొదటి చలికాలం. నేను మదనపల్లెకు పనిమీద పోయాను. పొద్దున్నే మంచు తడి మీద కోసిన లూసర్న్ మోపు కొట్టం ముందు పడేసి ఉంది. మొక్కజొన్న ఇంకా కోసి తేలేదు. రాత్రి మేత తక్కువ పడిందేమో, ఆవులు ఆకలి మీద అరుస్తున్నాయి. పాపం, నాయన ఆ మోపు విప్పి అలాగే వేసేశాడు. గంటకల్లా మా పెద్దావు ఎడమ డొక్క డోలులా ఉబ్బిపోయింది. పశువైద్యుడికి ఫోన్ చేశారు, ఆయన వేరే ఊళ్ళో ఉన్నాడు. ఆయన వచ్చేలోపే పోయింది. పన్నెండు లీటర్ల ఆవు, రెండో ఈత. దాని దూడను మా అమ్మ సీసాతో పెంచింది. నాయన చాలా రోజులు లూసర్న్ మడి వైపు పోలేదు. తప్పు ఆయనది కాదు, నాది. మొలకెత్తించడం, ఎరువు, తడి అన్నీ నేర్పించాను, ఎలా వేయాలో చెప్పలేదు.

కాబట్టి రాసి కొట్టంలో అంటించండి. మంచు ఆరాక కోయండి. కోసింది రెండు మూడు గంటలు వాడనివ్వండి. ముందు ఎండుగడ్డో శెనక్కట్టో కాస్త వేశాకే పచ్చిది వేయండి. మొక్కజొన్నతో కలిపి నరికి వేయండి, ఒట్టి లూసర్న్ ఆకలి మీద ఉన్న ఆవు ముందు ఎప్పుడూ పెట్టొద్దు. కొత్తగా మొదలుపెట్టేటప్పుడు రోజుకు రెండు కిలోలతో మొదలుపెట్టి పది రోజుల్లో పెంచుకుంటూ పోండి. డొక్క ఉబ్బితే డాక్టరుకు ఫోన్ చేస్తూనే ఆవును నిలబెట్టి, ముందు కాళ్ళు ఎత్తు మీద ఉండేలా చూడండి. నూనె పట్టే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది, మంచిదే, కానీ తల మరీ పైకెత్తి హడావిడిగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది ఇంకొక చావు. మీ డాక్టరు దగ్గర ముందే నేర్చుకొని పెట్టుకోండి. అందరికీ చెప్పండి, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళకు, మీరు లేనప్పుడు మేత వేసేది వాళ్ళే.

సైలేజీ అడిగేవాళ్ళకు రెండు ముక్కలు. లూసర్న్ ఒక్కదాన్ని పాతర వేస్తే సరిగ్గా పులవదు, దానిలో చక్కెర తక్కువ, ప్రోటీన్ ఎక్కువ. మొక్కజొన్న గింజ పాలు దాటి పిండి పట్టే దశలో కోసి, ఒక పూట వాడబెట్టిన లూసర్న్‌ను పొరలు పొరలుగా మధ్యలో కలిపి గట్టిగా తొక్కితే బాగా వస్తుంది. వానాకాలంలో లూసర్న్ మిగిలిపోయినప్పుడు మేము చేస్తున్నది ఇదే. చూశారా, ఇక్కడ కూడా కలుస్తున్నది కోసిన తర్వాతే.

నత్రజని గురించి మళ్ళీ వస్తానన్నాను కదా. లూసర్న్ మూడేళ్ళు దాటాక పలచబడుతుంది. ఖాళీల్లో మళ్ళీ విత్తనం చల్లుదామని నేను ప్రయత్నించాను, మొలిచినవి కూడా గిడసబారిపోయాయి. లూసర్న్ తన పిల్లను తన నీడలో పెరగనివ్వదు, పాత మొక్క నుంచి నేలలో చేరే పదార్థాలే కొత్త మొలకను అణిచేస్తాయి. అందుకని పలచబడిన పట్టీ దున్నేసి కనీసం ఒక ఏడాది వేరే పంట వేయాలి. ఆ వేరే పంట మొక్కజొన్న అయితే అంతకన్నా ఏం కావాలి? మూడేళ్ళు దిగిన వేళ్ళు కుళ్ళుతూ దానికి నత్రజని ఇస్తాయి, ఆ వేరు బొరియల్లోంచే దాని వేర్లు లోతుకు దిగుతాయి. పోయినేడు అలా మార్చిన మడిలో మొక్కజొన్నకు ఘనజీవామృతం సగమే వేశాను, ఆకు రంగు చూసి పక్క చేను మామ యూరియా వేశావా అని అడిగాడు. లేదు మామా అంటే నమ్మలేదు, మడి అంచున తవ్వి నల్లగా కుళ్ళిన లూసర్న్ వేళ్ళు చూపించాను.

ఈ అక్టోబర్‌లో బోరు పక్కన ఉన్న పాత పట్టీలు ఎనిమిది తీసేస్తున్నాను. వాటిలో మొక్కజొన్న, అలసంద పడుతుంది, ఇప్పుడు మొక్కజొన్న ఉన్న చివరి రెండు మడుల్లోకి లూసర్న్ పోతుంది. దున్నే రోజు, వేళ్ళు ఎంత లోతు పోయాయో తవ్వి చూపిస్తూ వీడియో తీస్తాను. కుప్పం అన్న కూడా ఆ రోజు వస్తానన్నాడు. ఆయనకు ఈసారి లూసర్న్ విత్తనం 20 సెంట్లకు సరిపడా మాత్రమే ఇస్తున్నాను, ఎక్కువ అడిగాడు, ఇవ్వలేదు.